రాబోయే సీజను చప్పుళ్లు

మా ఓనరమ్మ పోయిందన్న కబురు నాకు ఆదోని మార్కెట్ యార్డు గేటు దగ్గర అందింది. టీ గ్లాసు చేతిలో ఉండగా ఫోను మోగింది. చేసింది మా మిల్లు ఫిట్టరు ఖాసిం అన్న.

"అమ్మ పోయిందప్పా. తెల్లారుజామున. ఎమ్మిగనూరులోనే," అన్నాడు.

ఆ తర్వాత కూడా ఇద్దరం ఫోను పెట్టలేదు. అతని వెనక రేకుల కింద పావురాలు రెక్కలు కొట్టుకుంటున్నాయి. ఎక్కడో బకెట్టులోకి నీటి చుక్క పడుతోంది. అతను మిల్లు లోపల, రెండో మిషను పక్కన నిలబడి ఉన్నాడని చెప్పకుండానే తెలిసింది. ఇలా చెవితో చూడటం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఆమె నేర్పింది.

ఎమ్మిగనూరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. వినాయక చవితి అప్పుడే వెళ్లింది. రోడ్డుకు రెండు వైపులా పత్తి పూత మీద ఉంది. పత్తి పువ్వు విచ్చుకున్న రోజు లేత పసుపు, మరునాటికి గులాబీ. ఒకే చెట్టు మీద నిన్నటి పువ్వూ ఇవాళ్టి పువ్వూ పక్కపక్కనే ఉంటాయి. ప్రతి ఏడాదీ ఈ రోజుల్లో ఆమె నన్ను అడిగే మొదటి మాట, "పసుపు ఎక్కువుందా, గులాబీ ఎక్కువుందా?" అని. బస్సులో కూర్చుని అలవాటు కొద్దీ చూస్తూనే ఉన్నాను. చెప్పడానికి మనిషి లేదన్న సంగతి చాలాసేపు గుర్తుకు రాలేదు.

చదివేవారికి ఆమె ఎవరో తెలియాలి కదా. ఆదోని ఊరి బయట, ఎమ్మిగనూరు రోడ్డు మీద ఒక చిన్న జిన్నింగు మిల్లు ఉంది. రైతుల దగ్గర నుంచి వచ్చిన పత్తిలో గింజ వేరు, దూది వేరు చేసి, దూదిని బేళ్లు కట్టే మిల్లు. దాన్ని పెట్టింది ఆమె భర్త. ఆయన పోయాక నడిపింది ఆమె. పత్తి ఏరే ఆడవాళ్లూ, డ్రైవర్లూ, దళారులూ అందరూ ఓనరమ్మ అనేవాళ్లు. నేను అమ్మా అని పిలిచేవాణ్ని.

నేను ఆ మిల్లులో లెక్కలు రాస్తాను. చదువు పదితో ఆగింది. ఒక మండీలో చీటీలు రాస్తూ, పెద్ద గుమాస్తా చేతి వంక చూస్తూ చిట్టా, ఆవర్జా పుస్తకాలు రాయడం సొంతంగా నేర్చుకున్నాను. నాకు మాట్లాడటం కంటే రాయడం సులువు. అందులోనూ జరిగిపోయినది రాయడం. ఏ రోజుది ఆ రోజు రాసి, కింద గీత కొడితే ఆ రోజు ఇక నన్ను ఏమీ అడగదు. ఇప్పటికీ మా ఇంటి ఖర్చు అలాగే రాసుకుంటాను. మా ఆవిడకు ఇదొక నవ్వులాట.

మిల్లులో చేరిన తొలి ఏడాది, వానాకాలంలో ఓనరమ్మ నన్ను పిలిచి, "వచ్చే సీజనుకు బడ్జెట్టు రాసుకొని రాప్పా," అంది. ఆ మాట పేపర్లో చూసిందే తప్ప చేతితో చేసింది లేదు. పోయిన ఏడాది మొత్తం ఖర్చు తీసుకున్నాను. పన్నెండుతో భాగించాను. ధరలు పెరుగుతాయని ప్రతి నెల మీద కొంచెం కలిపాను. నెలకొక గడి, అన్ని గడుల్లోనూ ఒకే అంకె. చూడటానికి చక్కగా ఉంది. చక్కగా ఉందని నాకు కొంచెం గర్వంగా కూడా ఉంది.

ఆమె కాగితాన్ని చాలాసేపు చూసింది. పక్కన ఖాసిం అన్న చేతులకు గ్రీజు తుడుచుకుంటున్నాడు.

"మే నెల్లో గూడ మిషను ఆడిస్తాండావే. అప్పుడు పత్తి యాడ తెస్తావప్పా? మీ ఇంట్లో పరుపు చింపుతావా?"

ఖాసిం అన్న ముఖం తిప్పుకుని నవ్వాడు. నేను ధైర్యం చేసి, "జరగనిది ఎట్ల రాసేదమ్మా? అబద్ధమైతాది గదా," అన్నాను.

ఆమె కోప్పడలేదు. చేతిలో చిన్న దూది తునక ఉంది. మాట్లాడేటప్పుడు ఎప్పుడూ ఒకటి వేళ్ల మధ్య ఉండేది. దాన్ని నెమ్మదిగా సాగదీస్తూ, "జరిగింది రాసేదానికి కండ్లు సాలు. జరగబోయేది రాయల్లంటే చెవులు కావల్ల. రేపు మధ్యాన్నం షెడ్డుకు రా. పెన్ను తేవద్దు," అంది.

మరునాడు షెడ్డు కడిగి ఆరబెట్టి ఉంది. సీజను లేని రోజుల్లో ఆ షెడ్డు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. నేల చల్లగా ఉంది. రేకుల సందుల్లోంచి వెలుగు సన్నగా, నిటారుగా దిగుతోంది. దూలాలకు పట్టుకున్న పోయిన సీజను దూది, ఎవరూ కదిలించకుండానే, ఆ వెలుగులోకి పోగు పోగుగా దిగుతోంది. ఓనరమ్మ నేల మీద కూర్చుంది. ఒక పక్క ఖాసిం అన్న. ఇంకో పక్క సువార్తమ్మ. ఆస్పరి దగ్గర పల్లె ఆమెది. మచ్చపడిన పత్తి ఏరే ఆడవాళ్ల గుంపుకు పెద్ద. నేను కొంచెం దూరంగా కూర్చున్నాను.

"అందరూ కండ్లు మూసుకోండి," అంది ఓనరమ్మ. "దసరా అయింది. పూజ అయింది. కొబ్బరికాయ కొట్టినాం. ఏం వినపడతాంది?"

నాకు పావురాలు తప్ప ఏమీ వినిపించలేదు.

"ఒగటో మిషను ఒగటే ఆడతాందమ్మా," అన్నాడు ఖాసిం అన్న. "రెండోదానికి పత్తి రాల్యా ఇంగా. వచ్చింది గూడ తడి పత్తి. మిషను గొంతు బరువుగా ఉంది."

"సువార్తమ్మా, మీ ఆడోళ్లు?"

"కొంతమందే వచ్చినారు. తక్కినోళ్లు శెనక్కాయ పీకేదానికి పోయినారు."

"వచ్చినోళ్లకన్నా ఏరేదానికి పత్తి ఉందా?"

"యాడుందమ్మా? ఒగరి తల్లో ఒగరు పేండ్లు సూసుకుంటాండారు."

"గుర్తు పెట్టుకో అప్పా. పేండ్లు సూసుకున్నా కూలి కూలే."

అలా ఆ మధ్యాహ్నం మేము నలుగురం ఇంకా రాని కార్తీకంలోకి, మార్గశిరంలోకి నడిచిపోయాం. రెండో మిషను మొదలైంది. గేటు బయట ట్రాక్టర్లు నిలబడ్డాయి. డ్రైవర్లకు టీ పోయాలి. మంచు పడింది, పత్తి మీద కప్పడానికి పట్టాలు కావాలి. కరెంటు పోయింది, జనరేటరు దగ్గింది, డీజిలు పోయాలి. ఒక చోట ఖాసిం అన్న అడ్డుపడి, "ఈడ రోలరు కీచుమంటాంది, తోలు అరిగింది, మార్సల్ల," అన్నాడు. నేను కళ్లు మూసుకునే ఉన్నాను. ఆ కీచుమనే చప్పుడు నిజంగా నా వెన్నులో వినిపించింది. ఎండాకాలం మొదలై చప్పుళ్లు ఒక్కొక్కటే ఆగిపోయి, చివరికి మళ్లీ పావురాలు మిగిలినప్పుడు, "ఇప్పుడు పెన్ను తెచ్చుకో," అంది ఆమె. ప్రతి చప్పుడు పక్కనా దాని ఖర్చు రాశాను. నెలలు ఒకదానికొకటి పోలిక లేకుండా వచ్చాయి. ఒకటి లావు, ఒకటి సన్నం. చూడటానికి ఏమీ చక్కగా లేదు. కానీ మిల్లు లాగే ఉంది.

ఈ విద్య ఆమెకు ఎక్కడిదో తర్వాతెప్పుడో చెప్పింది. ఆమె ఎమ్మిగనూరు నేతవాళ్ల ఇంటి పిల్ల. చిన్నప్పుడు వీధిలో అన్ని ఇళ్లలోనూ గుంత మగ్గాలు ఆడేవట. పిల్లలు అరుగు మీద కళ్లు మూసుకుని కూర్చుని ఏ ఇంట్లో మగ్గం ఆగిందో చెప్పే ఆట ఆడేవాళ్లట. "మగ్గం ఆగిందంటే ఆ ఇంట్లో ఎవురికో బాగల్యా అని. మా నాయన నన్ను పంపించేటోడు, సూసి రాపో అని. నేను సెప్పింది తప్పయ్యేది కాదు," అంది. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆమె కళ్లు సగం మూసే ఉన్నాయి. మిల్లులోకి వచ్చే ముందు ప్రతి రోజూ గుమ్మం బయట కాసేపు ఆగేది. కొత్తవాళ్లు దేవుడికి దండం పెట్టుకుంటోంది అనుకునేవాళ్లు. ఆమె మిషన్లు వింటూ ఉండేది.

ఒక ఎండాకాలం మిల్లు మూసి ఉన్నప్పుడు నన్ను షెడ్డంతా తిప్పింది. తాళం వేసిన మిషన్లు, ఖాళీ పత్తి గది, నీళ్ల తొట్టి. "మిల్లు నిద్రపోతాంది గదా. ఏమేం మేలుకోనుండాయో సెప్పు," అంది. కరెంటు కనీస బిల్లు మేలుకొని ఉంది. వాచ్‌మన్ మేలుకొని ఉన్నాడు. అగ్ని ప్రమాదానికి కట్టిన బీమా, బ్యాంకు వడ్డీ. "ఇవి నిద్రపోని ఖర్చులు. కూలి, డీజిలు, బేళ్లకు కట్టే కమ్మీలు, ఇవన్నీ మిషనుతో పాటు నిద్రపోతాయి, మిషనుతో పాటు లేస్తాయి. ఈ రెండిటినీ ఒగే సాప మీద పండబెట్టొద్దు." ఆ రోజు నుంచి నా కాగితం మీద రెండు చాపలు పరిచాను. చాలా ఏళ్ల తర్వాత దీనికి పుస్తకాల్లో వేరే పేర్లు ఉన్నాయని తెలిసింది. నాకు మాత్రం చాపలే గుర్తొస్తాయి.

నెలాఖరున అనుకున్న ఖర్చు పక్కన అయిన ఖర్చు రాసి చూపిస్తే, ఎంత ఎక్కువైంది అని అడిగేది కాదు. "మనం ఏం వినలేదప్పా?" అనేది. ఎవరినీ వేలెత్తి చూపించని ఆ ప్రశ్నకు నేను ఎప్పుడూ భయపడలేదు. అందుకే నిజం దొరికేది.

ఒక ఏడాది వానలు తప్పాయి. మా వైపు వాన తప్పితే ఏమవుతుందో చాలామందికి తెలుసు. ఇంటికి తాళం వేసి, పిల్లలతో సహా లారీలెక్కి గుంటూరు వైపు మిరప చేలకు పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. మిల్లు నడుస్తుందని దసరాలోపల తెలిస్తే సువార్తమ్మ గుంపు ఊళ్లోనే ఉంటుంది. లేదంటే కూలీలను లారీల్లో తీసుకుపోయే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుంటుంది. ఆ ఏడాది ఓనరమ్మ మమ్మల్ని సీజను మూడు సార్లు వినమంది. నిండు పంటకు ఒకసారి, సగం పంటకు ఒకసారి, పావు పంటకు ఒకసారి. "ఒగటే రాస్తే అది ఆశప్పా. మూడు రాస్తేనే బడ్జెట్టు." పావు పంటలో సొంతంగా పత్తి కొనకుండా, వ్యాపారుల పత్తిని కూలికి ఆడించి, ఒకే మిషనుతో నెట్టుకురావచ్చని తేలింది. అలాగే నెట్టుకొచ్చాం. ఆ చలికాలం సువార్తమ్మ పల్లెలో బడికి పోయే పిల్లలు బడికే పోయారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. సీజను నడిమధ్యలో, పత్తి బాగా వచ్చే పుష్య మాసంలోనే, ఎమ్మిగనూరు జాతర వస్తుంది. పనివాళ్లెవరూ ఉండరు. మిల్లు మూగబోతుంది. ఆ రోజులకు ఓనరమ్మ ఒక వరస రాయించేది, గాజులు అని. పత్తి ఏరే ప్రతి ఆడమనిషికీ జాతరలో గాజులకు ఇచ్చే డబ్బు. మొదటిసారి నేను, "అడిగినప్పుడు సూసి ఇస్తే సాలదామ్మా?" అన్నాను. "అడక్కముందే రాసుకుంటే అది ఖర్చు. అడిగినాక ఇస్తే అది దయ. నాకు దయ సూపించేంత తీరిక ల్యా, రాయి," అంది.

ఈ ఏడాది ఎండాకాలం చివర ఆమెకు జబ్బు చేసింది. ఎమ్మిగనూరులో తమ్ముడి ఇంటికి తీసుకుపోయారు. బళ్లారి నుంచి కూతురు వచ్చి దగ్గరుండి చూసుకుంది. మంచి మనిషి. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"మిల్లు సంగతి నాకేం తెలీదన్నా. సిమెంటు వ్యాపారం చేసే ఆయన గోడౌనుకు అడుగుతాండాడు. నెలనెలా బాడిగ ఇస్తానంటాండాడు. అమ్మ దీన్ని నోటితో నడిపింది. నాకట్ల రాదు. నడిపితే ఏమైతాదో దసరాలోపల నాకు తెలిసేతట్టు చూపించు. నమ్మకం కుదిరితే నడుపుదాం. ల్యాకుంటే ఇచ్చేస్తా."

ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కానీ గోడౌను అయితే సువార్తమ్మ గుంపు లారీ ఎక్కుతుంది. వానలు ఈసారి కూడా అంతంత మాత్రమే. మేస్త్రీ అప్పటికే ఆ పల్లెల్లో తిరిగి పోయాడు. సువార్తమ్మ నాకు ఫోను చేసి, "అప్పా, మూట కట్టల్లా, ఇప్పల్లా?" అని మాత్రం అడిగింది.

ఓనరమ్మను చూడటానికి పోయాను. మంచం కిటికీ పక్కన వేశారు. ఆమె చాలా చిన్నదైపోయింది. మాట దాదాపు లేదు. నన్ను చూసి కళ్లు మూసుకుంది. నిద్ర అనుకున్నాను. సీజను చెప్పమంటోందని తర్వాత అర్థమైంది. అన్ని ఏళ్లలో నేను ఎప్పుడూ సీజను చెప్పినవాణ్ని కాదు, విని రాసుకున్నవాణ్ని. ఆ రోజు చెప్పాను. దసరా అయింది, పూజ అయింది అని మొదలుపెట్టి, మిషన్లు, ట్రాక్టర్లు, మంచు, రోలర్లు, ఒకదాని తర్వాత ఒకటి. నా గొంతు నాకే పరాయిగా ఉంది. కిటికీ బయట, ఆ వీధిలో ఇంకా మిగిలిన ఒకటి రెండు మగ్గాలు ఆడుతున్నాయి. పుష్యం దాటించి మాఘంలోకి పోతుండగా ఆమె వేలు లేచింది.

ఆగాను. ఏం తప్పు చెప్పానో తెలియలేదు.

"చప్పుడు..." అంది. చాలాసేపు ఊపిరి తీసుకుంది. "ఆగల్యానే. జాతర మరిసినావు."

అవును. ఒక్క రోజు కూడా ఆపకుండా మిల్లు ఆడించుకుంటూ పోయాను. మొదటి ఏడాది కాగితంలో మే నెల్లో ఆడించినట్టే. ఆమె పెదవుల చివర నవ్వు లాంటిది కనిపించింది. పరుపు సంగతి గుర్తొచ్చి ఉంటుంది. నాతో ఆమె అన్న చివరి మాటలు అవే.

దినాలు అయ్యాయి. పెద్దల అమావాస్య వెళ్లాక ఒక మధ్యాహ్నం షెడ్డు కడిగించాను. మూడు పంటలకూ రాసిన కాగితాలు పక్కన పెట్టుకున్నాను. కూతురు వచ్చింది. ఆమె కోసం కుర్చీ వేయించాను.

"కుర్చీలో కూసుంటే వినపడదు పాపా, కిందికి రా," అంది సువార్తమ్మ.

ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని నేల మీద కూర్చుంది. వాళ్ల అమ్మ కూర్చునే చోటు ఖాళీగా వదిలాం. ఎవరూ అనుకోలేదు, అలా జరిగింది.

"కండ్లు మూసుకోండి," అన్నాను. "పావు పంట. దసరా అయింది. ఏం వినపడతాంది?"

"ఒగటో మిషను," అన్నాడు ఖాసిం అన్న. "ఒగటే. నిదానంగా."

అక్కడి నుంచి నడిచాం. సువార్తమ్మ ఆడవాళ్లు వచ్చారు, ఒకరినొకరు తిట్టుకున్నారు, నవ్వుకున్నారు. మంచు పడింది. జనరేటరు దగ్గింది. వ్యాపారుల లారీ ఒకటి గేటు దగ్గర హారను కొట్టింది. పుష్యంలోకి వచ్చాక, "ఇప్పుడు జాతర," అన్నాను. అక్కడ ఆగిపోయాను.

మిల్లు మూగబోయింది. నిద్రపోని ఖర్చులు ఒక్కొక్కటే నా కళ్ల వెనక మేలుకొని కూర్చున్నాయి. వాటి పక్కన గాజులు. పావురాలు కూడా సద్దుమణిగాయి. ఎంతసేపో తెలియదు. ఆ నిశ్శబ్దాన్ని నేను తెంచకూడదని మాత్రం తెలుసు.

"జాతర అయిపోయింది గదన్నా," అంది కూతురు, కళ్లు తెరవకుండా. "ఆడవాళ్లు వచ్చినారా?"

"వచ్చినామమ్మా," అంది సువార్తమ్మ. చెయ్యి విదిలించింది. గాజులు గలగలమన్నాయి. "ఇగో, కొత్తవి."

"అయితే మిషను ఆడించండి."

తర్వాత ఆమె కాగితాలు ముందు పరుచుకుని వేలు పెట్టి చదివింది. పావు పంట కాగితం దగ్గర ఎక్కువసేపు ఆగింది. గాజుల వరస దగ్గర ఏమీ అడగలేదు. గోడౌను ఇవ్వనని సిమెంటు ఆయనకు రేపు పొద్దున చెప్తానంది. గుమ్మం బయట సువార్తమ్మ మేస్త్రీతో ఫోనులో, "ఈ తడవ మా ఊరోళ్లు రారు. లారీ ఇంగో ఊరికి తిప్పుకో," అని గట్టిగా చెప్తోంది.

నేను తల ఎత్తి చూశాను. దూలం మీద నుంచి పోయిన సీజను దూది పోగు ఒకటి విడివడి, వెలుగులో తిరుగుతూ, తొందర లేకుండా కిందికి వస్తోంది. ఖాసిం అన్న కూడా చూస్తున్నాడు. అది మా మధ్య ఖాళీగా ఉన్న చోటుకే దిగుతోంది. అతను కాలు పక్కకు తీసి దానికి చోటిచ్చాడు.